ఇచ్చేది రూపాయి... వచ్చేది నుల్ట్రమ్‌!

మనవాళ్లకు వీసా అక్కర్లేదు. డాలర్లు కొనుక్కోనక్కర్లేదు. జేబులో ఉన్న గాంధీ నోటే అక్కడా చెల్లుతుంది. అయినా సరే, భూటాన్‌ వెళ్లొచ్చినవాళ్లను కదిపితే కొండలకన్నా ముందు చిల్లర కథలే చెబుతారు!

జయగావ్‌... పశ్చిమ బెంగాల్‌లో ఆ దారిన ఆఖరి ఊరు. ఆటోల హారన్లు, తోపుడుబళ్లు, పాన్‌ డబ్బాలు, రోడ్డు మీదికి పరుచుకొచ్చిన చెప్పుల దుకాణాలు... సికింద్రాబాద్‌ స్టేషన్‌ ముందు వీధిని ఎత్తుకెళ్లి అక్కడ దించినట్టే ఉంటుంది. ఆ రద్దీలోనే రంగురంగుల చెక్కడాలతో, డ్రాగన్‌ బొమ్మలతో ఓ పెద్ద ద్వారం. అవతల ఫుంట్‌షోలింగ్‌. ఎండ అదే, గాలి అదే. కానీ హారన్‌ వినపడదు. మోకాళ్లదాకా మేజోళ్లు తొడుక్కుని, 'ఘో' అనే పొడుగాటి అంగీని నడుం దగ్గర బిగించి కట్టిన మగవాళ్లు నింపాదిగా నడుస్తుంటారు. రోడ్డు దాటే చారల దగ్గర మనిషి నిలబడితే చాలు, కారు ఆగిపోతుంది. కొత్తగా వెళ్లినవాళ్లకు అది ఓ పట్టాన నమ్మకం కుదరదు. కారు ముందు పోతుందేమోనని వీళ్లు, మనిషి దాటతాడు కదా అని డ్రైవరు... ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కాసేపు నిలబడిపోతారు.

అసలు వింత ఆ తర్వాతి టీ కొట్టులో. నలుగురు టీ తాగి ఐదొందల నోటిస్తే యజమాని మారు మాట్లాడకుండా గల్లాపెట్టెలో వేసుకుంటాడు. తిరిగిచ్చే చిల్లరే వేరు! నోటికి ఓ పక్క రాజుగారు, వెనక కోట, ఓ చుట్టుకుపోయిన డ్రాగన్‌, చదవడానికి రాని లిపి. 'దొంగనోటు అంటగట్టాడా ఏంటి' అని అటూఇటూ తిప్పి చూడనివాళ్లు అరుదు. అది భూటాన్‌ సొంత డబ్బు. పేరు నుల్ట్రమ్‌. విలువ సరిగ్గా ఒక రూపాయి.

'ఙ'కు పని దొరికింది

క, ఖ, గ, ఘ తర్వాత వచ్చే అక్షరాన్ని ఒకటో తరగతిలో అందరం దిద్దాం. ఆ తర్వాత దాంతో మళ్లీ పనిపడిందెవరికి? భూటాన్‌లో పడుతుంది. ఆ డబ్బు అసలు ఉచ్చారణ 'ఙుల్ట్రమ్‌'. ఇంగ్లిషువాళ్లు ఆ శబ్దం కోసం రెండక్షరాలు కలిపి తంటాలు పడుతుంటే, మన అక్షరమాలలో దానికి సొంత ఇల్లే ఉంది. పలకడం మాత్రం మనకూ తేలిక కాదనుకోండి. అందుకే నుల్ట్రమ్‌ అనే సర్దుకుపోదాం.

'ఙుల్‌' అంటే వెండి. ఆ పేరు వెనక ఓ పాత కథ ఉంది. ఒకప్పుడు భూటాన్‌లో చలామణీ అయినవి పక్కనే ఉన్న కూచ్‌ బెహార్‌ సంస్థానం వెండి నాణేలు. వాటిని నారాయణీ అనేవారు. తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఆ టంకశాలను మూయించడంతో భూటాన్‌ పాలకులు వాటిని చూసి సొంతంగా అచ్చు వేయించుకున్నారు. అయినా పల్లెల్లో డబ్బుతో పెద్దగా పని ఉండేది కాదు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా పన్ను కట్టాలన్నా ధాన్యం, వెన్న, నేత బట్టలే. లేదంటే ఒంటి కష్టం. ఆ తర్వాత భారత రూపాయి వచ్చి కూర్చుంది.

సొంత నోటు పుట్టింది 1974లో. ఆ ఏడాది జూన్‌ 2న నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్‌ పట్టాభిషేకం. విదేశీ పర్యాటకులకు భూటాన్‌ తలుపులు తీసిందీ ఆ ఏడాదే. అంటే ఆ దేశంలో టూరిస్టు, కరెన్సీ కవల పిల్లలన్నమాట! పుట్టిననాటి నుంచి నుల్ట్రమ్‌ మన రూపాయితోనే జత కట్టుకుంది. డాలరుతో రూపాయి జారితే అదీ జారుతుంది. రూపాయి నిలబడితే అదీ నిలబడుతుంది. ముంబయిలో రిజర్వు బ్యాంకు తీసుకునే నిర్ణయం థింపూలో కూరగాయల ధర మీద పడుతుందంటే అందుకే.

ఐదొందల నోటు, పాతికవేల గీత

రూపాయి చెల్లుతుంది కదా అని కట్టలు కట్టలు పట్టుకెళ్తే కుదరదు. మన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 100 రూపాయలు, అంతకన్నా చిన్న నోట్లు ఎన్నయినా తీసుకెళ్లొచ్చు. 200, 500 నోట్లయితే మనిషికి 25,000 రూపాయల దాకానే. నలుగురున్న కుటుంబం తలా కొంత పంచుకుని పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. వందనోట్లు ఎక్కువ ఉంచుకోవడమే అన్నిటికన్నా క్షేమం. పెద్ద నోటు చూసి ముఖం చిట్లించే దుకాణదారు అక్కడక్కడా తగులుతాడు.

అతని తప్పూ లేదు. 2016 నవంబరు 8 రాత్రి మన దగ్గర 500, 1000 నోట్లు రద్దయినప్పుడు ఇళ్లలో, దుకాణాల్లో ఆ నోట్లు దాచుకున్న భూటాన్‌వాళ్లూ ఉలిక్కిపడ్డారు. వాళ్లది కాని ప్రభుత్వం, వాళ్లు ఓటెయ్యని పార్లమెంటు... రద్దయిన నోట్లు మాత్రం వాళ్ల బీరువాల్లో! అక్కడి కేంద్ర బ్యాంకయిన రాయల్‌ మానిటరీ అథారిటీ ఆ నోట్లను బ్యాంకుల్లో జమ చేయించుకోవాల్సి వచ్చింది. 2023లో 2,000 నోటును వెనక్కి తీసుకున్నప్పుడూ మళ్లీ అదే గుబులు. పొరుగునే ఉన్న నేపాల్‌ అయితే 2018 డిసెంబరులో వందకు మించిన మన నోట్లను వద్దనేసింది. భూటాన్‌ అంత దూరం పోలేదు.

కార్డుల సంగతంటారా... 2019లో రూపే కార్డు, 2021 జులైలో భీమ్‌ యూపీఐ అక్కడ అడుగుపెట్టాయి. మన యూపీఐ పద్ధతిలో క్యూఆర్‌ కోడ్‌ను తెచ్చుకున్న మొదటి దేశం భూటానే. అలాగని పర్సు ఇంట్లో పెట్టి బయల్దేరితే బుమ్‌తాంగ్‌ దారిలో మొక్కజొన్న పొత్తు కూడా దొరకదు. దుకాణాల గోడల మీద కనిపించే కోడ్‌లన్నీ మన ఫోనుకు లొంగవు. చాలావరకు అక్కడి బ్యాంకు ఖాతాదారులకే. ఏటీఎంలు ఊళ్లలో ఉన్నాయి, మన కార్డులతో తీస్తే రుసుము పడుతుంది. తమాషా ఏంటంటే, 2025 మేలో అదే దేశం పర్యాటకులు బిట్‌కాయిన్‌ లాంటి క్రిప్టో డబ్బుతో చెల్లించే ఏర్పాటూ మొదలుపెట్టింది. కొండ మీది కొట్టులో పది రూపాయలకు చిల్లర లేకపోవచ్చు, కొండ కింద హోటల్లో మాత్రం క్రిప్టో కడితే తీసుకుంటారు!

డాలర్లు తెచ్చుకునేవాళ్లకు పారో విమానాశ్రయంలో, బ్యాంకుల్లో మార్చుకునే వీలుంది. ఇక్కడో చిన్న మెలిక. 50, 100 డాలర్ల నోట్లకు ఒక రేటు, చిన్న డాలరు నోట్లకు అంతకన్నా తక్కువ రేటు. అమెరికా నుంచి వచ్చే పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది.

రూపాయికి కరవొచ్చింది!

ఒకటికి ఒకటి అన్నాక రూపాయైనా నుల్ట్రమ్‌ అయినా ఒకటే కదా? కాదని 2012లో తేలిపోయింది. నుల్ట్రమ్‌ను భూటాన్‌ అచ్చు వేసుకోగలదు. రూపాయిని వేసుకోలేదు. రూపాయి కావాలంటే సంపాదించాల్సిందే.

ఎలా సంపాదిస్తుంది? నీళ్లతో. హిమాలయాల నుంచి దూకే నదుల మీద మన దేశం సాయంతో కట్టిన 336 మెగావాట్ల చుఖా, 1,020 మెగావాట్ల తాలా లాంటి కేంద్రాల కరెంటు మన గ్రిడ్‌కు వస్తుంది. దానికి మనం కట్టేది రూపాయల్లో. ఆ తర్వాతి దారి టూరిస్టు. ఖర్చు మాత్రం నాలుగు వైపులా. బియ్యం, నూనె, పెట్రోలు, సిమెంటు, కార్లు, చివరికి కొత్త ప్రాజెక్టులు కట్టే యంత్రాలు, కూలీలు... అన్నీ జయగావ్‌ గేటు దాటి రావాల్సినవే. అప్పులు ఇచ్చేకొద్దీ ఇళ్లు లేచాయి, కార్లు పెరిగాయి, రూపాయలు కరిగాయి. 2011 డిసెంబరులో తన దాపులోంచి 20 కోట్ల డాలర్లు అమ్మి రూపాయలు కొన్నా భూటాన్‌కు చాల్లేదు. 2012 వచ్చేసరికి బ్యాంకుల్లో రూపాయలు పుట్టలేదు. ఇళ్ల అప్పులు, బండ్ల అప్పులు ఆపేశారు. కార్ల దిగుమతిని నిలిపేశారు. సరిహద్దులో రూపాయి కావాలంటే నుల్ట్రమ్‌లు కాస్త ఎక్కువ ఇచ్చి కొనుక్కునే రోజులొచ్చాయి. కాగితం మీద సమానమైనవి జయగావ్‌ బజారులో సమానం కాకుండా పోయాయి.

ఆ భయం ఇంకా పోలేదు. 2022 ఆగస్టులో విదేశీ నిల్వలు తరుగుతున్నాయని మరోసారి కార్ల దిగుమతికి కళ్లెం వేశారు. కనీసం ఒక ఏడాది అత్యవసర దిగుమతులకు సరిపడా విదేశీ నిల్వ ఉండి తీరాలని ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. టీ కొట్టు యజమాని మన ఐదొందల నోటును గల్లాలో వేసుకుని నుల్ట్రమ్‌లే తిరిగివ్వడంలో మర్మం ఇదే. కొడుకును సిలిగురిలో డాక్టరుకు చూపించాలన్నా, జయగావ్‌లో సరుకు తెచ్చుకోవాలన్నా అతనికి ఆ గాంధీ నోటే కావాలి.

రాత్రికి పన్నెండొందలు

రూపాయి అంతగా కావాలనుకునే దేశం, రూపాయలు పట్టుకొచ్చే మనలాంటివాళ్లకు రెండు చేతులూ చాచాలి కదా! అక్కడే భూటాన్‌ ఆగి ఆలోచించింది.

తలుపులు తీసిన 1974లో వచ్చిన పర్యాటకులు 300 మంది కూడా లేరు. తక్కువ మంది రావాలి, ఎక్కువ డబ్బు ఇవ్వాలి... మొదటి నుంచీ వాళ్ల లెక్క అదే. తెల్లవాళ్లు రోజుకింతని డాలర్లలో కట్టి వచ్చేవారు. భారతీయులకు మాత్రం ఏ రుసుమూ లేదు. ఓటరు కార్డు చూపించి వెళ్లిపోవడమే. విమాన చార్జీలు తగ్గి, సెల్ఫీల కాలం వచ్చేసరికి ఆ దారి కిటకిటలాడింది. 2019లో మొత్తం పర్యాటకులు 3 లక్షలు దాటితే, అందులో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇరుగుపొరుగు దేశాలవాళ్లే. ఎక్కువమంది మనవాళ్లే. భూటాన్‌ జనాభా మొత్తం ఎనిమిది లక్షలు కూడా లేదని గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది అక్టోబరులో ఓ భారతీయ బైకర్‌ దోచులా కనుమలో పవిత్ర స్తూపం మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కి ఫొటో దిగాడు. ఆ ఫొటో భూటాన్‌ ఇంటింటికీ చేరింది. అతని పాస్‌పోర్టు తీసుకుని, విచారించి పంపేశారు. స్తూపం నుంచి దిగడం తేలికే, దించిన పరువును మళ్లీ ఎక్కించడమే కష్టం.

2020లో భారత్‌, బంగ్లాదేశ్‌, మాల్దీవుల వాళ్లకూ 'సుస్థిర అభివృద్ధి రుసుము' పెడుతూ చట్టం చేశారు. అంతలో కొవిడ్‌ వచ్చి సరిహద్దులే మూతపడ్డాయి. 2022 సెప్టెంబరు 23న గేటు మళ్లీ తెరుచుకున్నాక ఆ రుసుము నిక్కచ్చిగా అమల్లోకి వచ్చింది. మనకు రాత్రికి మనిషికి 1,200 రూపాయలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సగం. అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. మిగతా దేశాలవాళ్లకు మొదట 200 డాలర్లు పెట్టి, రాకపోకలు పడిపోవడంతో 2023 సెప్టెంబరులో 100కు దించారు. ఆ తగ్గింపు 2027 ఆగస్టు 31 దాకా.

ఓ తెలుగు కుటుంబాన్ని లెక్కలోకి తీసుకుందాం. భార్యాభర్తలు, పదేళ్ల పాప, నానమ్మ. రాత్రికి 4,200. అయిదు రాత్రులుంటే 21,000. ఇందులో గది, తిండి, బండి ఏవీ లేవు. ఇదే కుటుంబంలో అమెరికా పాస్‌పోర్టున్న బాబాయి కూడా బయల్దేరితే అతను ఒక్కడే 500 డాలర్లు, పైగా వీసాకు 40 డాలర్లు కట్టాలి. 'పుట్టింది తెనాలిలోనే బాబూ, ఓసీఐ కార్డు కూడా ఉంది' అన్నా వినరు. వాళ్లు చూసేది పాస్‌పోర్టు రంగు. ఇలా తెలియక వచ్చి గేటు దగ్గర గొడవపడేకన్నా ఇంట్లోనే లెక్క వేసుకోవడం నయం. ఇంకో మాట... ఆధార్‌ కార్డుతో పని జరగదు. ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ కావాలి. పిల్లలకైతే జనన ధ్రువపత్రం.

రుసుము మీద సణుగుడు లేకపోలేదు. మధ్యతరగతి మనవాళ్లు రావడం తగ్గిందని ఫుంట్‌షోలింగ్‌లో చిన్న హోటళ్లవాళ్లు, టాక్సీవాళ్లే ఎక్కువ బాధపడతారు. రోజుకు లక్షలు తీసుకునే అయిదు నక్షత్రాల హోటళ్లకు వచ్చిన నష్టమేమీ లేదు. ఆ డబ్బుతోనే తమ దేశంలో వైద్యం, చదువు ఉచితంగా నడుస్తున్నాయన్నది ప్రభుత్వం మాట. ఎప్పటికీ 60 శాతానికి తగ్గకుండా అడవి ఉండాలన్నదీ వాళ్ల రాజ్యాంగ నియమమే. ఫుంట్‌షోలింగ్‌ నుంచి థింపూ దాకా ఐదారు గంటల కొండదారిలో కిటికీ తీసి కూర్చుంటే, ఆ నియమం కాగితానికే పరిమితం కాలేదని తెలుస్తుంది. అన్నట్టు, ఆ దారి వేసింది మన సరిహద్దు రోడ్ల సంస్థే. 1961లో 'దంతక్‌' పేరుతో పని మొదలుపెట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 1958లో, నెహ్రూ పారో చేరాలంటే సిక్కిం నుంచి నాథులా దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా కొండలెక్కి రోజుల తరబడి ప్రయాణం చేయాల్సి వచ్చింది. పక్కన కూతురు ఇందిర.

జేబులోనే టూరిస్టు గైడు

భూటాన్‌లో ఏం చూడాలి? చిల్లరగా వచ్చిన నోట్లు తిప్పి చూస్తే చాలు. వెనక బొమ్మలన్నీ చూడదగ్గ చోట్లే!

ఒక నుల్ట్రమ్‌ నోటు మీద ఉన్నది సిమ్‌తోఖా జోంగ్‌. థింపూకు అయిదారు కిలోమీటర్ల దూరం. కోట, మఠం, కలెక్టరాఫీసు... మూడూ ఒకే గోడల మధ్య ఉంటే దాన్ని జోంగ్‌ అంటారు. ముక్కలు ముక్కలుగా ఉన్న లోయల్ని ఒక్క దేశంగా కలిపిన షబ్‌ద్రుంగ్‌ ఙవాంగ్‌ నమ్‌గ్యాల్‌ 1629లో కట్టించిన ఈ కోటే తర్వాతి జోంగులకు నమూనా అయింది. అందరూ పెద్ద కోటల వైపు పరుగులు తీయడంతో ఇక్కడ జనం తక్కువ. నిశ్శబ్దంగా కూర్చోవాలనుకుంటే ఇదే మేలు.

100, 1000 నోట్ల మీది తాషిఛో జోంగ్‌ థింపూలోనే. ప్రభుత్వం నడిచేది అక్కడి నుంచే కాబట్టి ఆఫీసు వేళలు అయ్యాకే లోపలికి రానిస్తారు. థింపూలో చూడ్డానికి ఇంకా చాలా ఉన్నాయి. కొండ మీద 169 అడుగుల బుద్ధుడు, మేక తల ఆవు ఒళ్లు అతికించినట్టుండే 'టాకిన్‌' అనే జంతువు, ట్రాఫిక్‌ లైట్లు లేని కూడలిలో తెల్లచేతి తొడుగులతో నాట్యం చేస్తున్నట్టు దారి చూపే పోలీసు... ఒకసారి లైట్లు పెట్టి చూశారట, జనానికి నచ్చక తీసేశారు.

థింపూ నుంచి పునాఖా వెళ్లే దారిలో 10,000 అడుగుల పైన దోచులా కనుమ. వరసగా 108 స్తూపాలు. ఫొటోలకు ఎంత బాగుంటాయంటే, అవి ఎందుకున్నాయో చాలామంది అడగరు. 2003 డిసెంబరులో భూటాన్‌ అడవుల్లో మకాం వేసిన అసోం తీవ్రవాదుల్ని తరిమేందుకు ఆ చిన్న సైన్యం యుద్ధానికి దిగింది. అందులో చనిపోయినవాళ్ల కోసం రాజమాత దోర్జీ వాంగ్మో వాంగ్‌చుక్‌ కట్టించిన స్తూపాలవి. మన దేశం కోసం కూడా జరిగిన యుద్ధమే కదా అది! ఆ బైకర్‌ ఎక్కింది ఇక్కడి స్తూపమే.

20, 500 నోట్ల మీద పునాఖా జోంగ్‌. ఆడ నది 'మో', మగ నది 'ఫో' కలిసేచోట, నీళ్ల మీద ఓడ లంగరు వేసినట్టుంటుంది. 1637లో మొదలుపెట్టి కట్టారు. 1955 దాకా రాజధాని ఇదే. మొదటి రాజు పట్టాభిషేకం 1907లో, ఇప్పటి రాజు పెళ్లి 2011లో ఇక్కడే జరిగాయి. 1994లో పైన మంచు సరస్సు కట్ట తెగి వరద ముంచెత్తితే కోటలో కొంత భాగం దెబ్బతింది, ప్రాణాలూ పోయాయి. మంచు కరగడం ఎక్కువైన ఈ రోజుల్లో ఆ రెండు నదుల వైపు అక్కడివాళ్లు భక్తితోపాటు భయంతోనూ చూస్తారు.

50 నోటు మీది ట్రోంగ్సా చాలామంది వెళ్లని దూరం. భూటాన్‌కు రాజు కావాలంటే ముందు ట్రోంగ్సా అధిపతి పదవి చేపట్టాలన్నది ఆనవాయితీ. 10 నోటు మీది పారో జోంగ్‌కు 1993లో వచ్చిన బెర్టోలుచ్చి 'లిటిల్‌ బుద్ధ' సినిమా వల్ల పేరొచ్చింది. తెలుగువాళ్లు అక్కడ ఆగి చూడాల్సింది గోడల మీది కాలచక్ర మండలం. బుద్ధుడు కాలచక్ర బోధ చేసింది మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో అని టిబెట్‌ సంప్రదాయం చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర నిర్వహించింది అందుకే. ఇంత దూరం వచ్చి గోడ మీద మన ఊరి మాట చూడటం బాగుంటుంది.

ఇక ఐదు నుల్ట్రమ్‌ల నోటు. చిన్న నోటు, పెద్ద బొమ్మ... తక్‌సంగ్‌! పులి గుహ. పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరొచ్చి ధ్యానం చేశాడని నమ్మే గుహ చుట్టూ 1692లో కట్టిన ఆలయం. పారో లోయకు 900 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు రాతికి అతుక్కుని ఉంటుంది. 1998 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైపోతే మళ్లీ అచ్చం అలాగే కట్టి 2005లో తెరిచారు. తిరుమల మెట్లెక్కినవాళ్లకు అలవాటున్న ఆయాసమే అయినా ఇక్కడ గాలి పల్చన. రెండు మూడు గంటల ఎక్కుడు. సగం దూరం గుర్రం దొరుకుతుంది, అక్కడో టీ హోటలుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అక్కడే ఆగి ఎదురుగా చూసి దణ్ణం పెట్టుకున్నా వెలితేమీ ఉండదు. పైకెళ్లేవాళ్లు చివర్లో వందల మెట్లు దిగి, జలపాతం పక్కన వంతెన దాటి, మళ్లీ ఎక్కాలి. ఫోన్లు, కెమెరాలు గుమ్మంలోనే అప్పగించాలి. ప్రవేశ రుసుము 2,000. ఐదు రూపాయల నోటు మీది బొమ్మను దగ్గరగా చూడాలంటే అలాంటివి నాలుగొందల నోట్లు కావాలన్నమాట.

నోటెక్కని లోయ ఒకటుంది. ఫోబ్‌జిఖా. శీతాకాలం మొదట్లో టిబెట్‌ నుంచి నల్ల మెడ కొంగలు దిగుతాయి. వాటి రెక్కలకు తీగలు తగలకూడదని కరెంటు వైర్లను భూమిలోంచి వేశారు. హోటళ్లు తక్కువ, చలి ఎక్కువ. అయినా మూడు రోజుల్లో థింపూ, పునాఖా, పారో తిప్పి తెచ్చేసే ప్యాకేజీలకన్నా ఇక్కడో రాత్రి గడపడం మంచిదనిపిస్తుంది.

కారం మనకే కొత్తా?

గుంటూరు, ఖమ్మంవాళ్లు కూడా వినయంగా ఉండాల్సిన చోటిది. అక్కడ మిరపకాయ మసాలా దినుసు కాదు, కూరగాయ! మిర్చిని నిలువునా చీల్చి చీజ్‌తో ఉడికించే 'ఎమా దత్షి' మూడు పూటలా ఉంటుంది. ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుంటే ముక్కు, కళ్లు ఒకేసారి పనిచేస్తాయి. మన పచ్చిమిర్చిలో పురుగుమందులు ఎక్కువున్నాయని 2016లో భూటాన్‌ దాని దిగుమతినే నిషేధించింది. చలికాలంలో మిర్చి దొరక్క ధర మండిపోయినా పట్టు వదల్లేదు. శాకాహారులకు ఇబ్బంది లేదు. బంగాళాదుంపతో, పుట్టగొడుగులతో అదే చీజ్‌ కూరలుంటాయి. వెన్న, ఉప్పు వేసిన 'సుజా' టీ మాత్రం తొలి గుక్కలో టీ అనుకుంటే నచ్చదు, చారు అనుకుంటే నచ్చుతుంది.

వెళ్లేదెలా?

హైదరాబాద్‌ నుంచి బాగ్‌డోగ్రా దాకా విమానం, అక్కడి నుంచి టాక్సీలో తేయాకు తోటల మధ్య నాలుగైదు గంటలు. రైలైతే విజయవాడ, విశాఖల మీదుగా పోయే కన్యాకుమారి-దిబ్రూగఢ్‌ వివేక్‌ ఎక్స్‌ప్రెస్‌లో న్యూ జల్పాయిగురి, అక్కడ మారి హాసిమారా. జయగావ్‌ అక్కడికి 20 కిలోమీటర్ల లోపే. నేరుగా పారోలో దిగాలనుకుంటే కోల్‌కతా, ఢిల్లీల నుంచి విమానాలున్నాయి. కొండల మధ్య ఒంపులు తిరుగుతూ దిగే ఆ విమానాశ్రయంలో పగటి వెలుతురులోనే, అందుకు ప్రత్యేకంగా అనుమతి పొందిన పైలట్లు మాత్రమే విమానం నడుపుతారు. రెక్క చివర ఇంటి కిటికీలు కనిపిస్తాయి. గుండె దిటవున్నవాళ్లు ఎడమవైపు సీటు అడగొచ్చు. ఢిల్లీ, కోల్‌కతాల నుంచి వెళ్లేటప్పుడు మంచు శిఖరాలు అటే. మార్చి నుంచి మే, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు బాగుంటాయి. వానాకాలంలో ఫుంట్‌షోలింగ్‌ దారిలో కొండచరియలు విరిగిపడతాయి. ఆలయాల్లోకి చేతులు, కాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. చాలాచోట్ల గైడు కూడా.

తిరుగు ప్రయాణంలో అందరూ మరిచిపోయే పని ఒకటుంది. మన రూపాయి అక్కడ చెల్లుతుంది గానీ, వాళ్ల నుల్ట్రమ్‌ ఇక్కడ చెల్లదు. జయగావ్‌ దుకాణాల్లో తీసుకుంటారు, కాస్త కోత వేసే వాళ్లూ ఉంటారు. సిలిగురి చేరాక అది బొమ్మ కాగితమే. అందుకని ఆఖరి రెండు రోజులు రూపాయలు బయటికి తీయకుండా, వచ్చిన చిల్లరే హోటల్‌ బిల్లుకు, టాక్సీకి, తపాలా బిళ్లలకు ఖర్చుపెట్టేయాలి. అవును, తపాలా బిళ్లలే! 1970ల మొదట్లోనే గ్రామఫోన్‌ మీద పెడితే పాట వినిపించే స్టాంపులు వేసిన దేశమది. థింపూ పెద్ద పోస్టాఫీసులో మన ఫొటోతోనే స్టాంపు అచ్చువేసిస్తారు. దాన్నే కార్డుకు అంటించి ఇంటికి పోస్టు చేయొచ్చు. మనం ఇల్లు చేరిన వారానికో, పది రోజులకో అదీ చేరుతుంది.

అంతా ఖర్చయ్యాక కూడా ఎక్కడో చొక్కా జేబులో ఓ ఐదు నుల్ట్రమ్‌ల నోటు మిగులుతుంది. గేటు దాటి జయగావ్‌లో అడుగుపెట్టగానే ఫోన్‌లో గడియారం అరగంట వెనక్కి జరుగుతుంది. వెనక నుంచి ఆటో హారన్‌ మోగుతుంది.